ఒకే రాతి నాచు

పూతలపట్టు స్టెల్లా తిరుపతిలో ఒక వృక్షశాస్త్ర ప్రయోగశాలలో అటెండరుగా చేరి పదకొండేళ్ళయింది. గాజుసామాను కడగడం, వచ్చిన మొక్కల్ని ఆరబెట్టి కవర్ల మీద నంబర్లు వేయడం ఆమె పని. ఏ కొత్త మొక్క చేతికొచ్చినా దాని సంగతులు అడక్కుండా వదిలే మనిషి కాదు.

రెండేళ్ళ కిందట పరిశోధక విద్యార్థిని భవిత రామేశ్వరం తీరం నుంచి గోధుమరంగు సముద్రపు నాచు తెచ్చింది. చూడ్డానికి అంతా ఒకేలా ఉండే ఆ నాచులో ఏ మొక్క దేనికి దగ్గర చుట్టమో తేల్చే జన్యు గుర్తులు తయారుచేయాలని ఆమె ప్రయత్నం. జన్యువుల్లో కొన్నిచోట్ల ఒకే ముక్క వరసగా మళ్ళీ మళ్ళీ వస్తుందట. ఎన్నిసార్లు వస్తుందన్నది మొక్క మొక్కకూ మారుతుందట. స్టెల్లా ఇదంతా అడిగి అడిగి చెప్పించుకుంది.

చిక్కల్లా నాచు జిగురుతోనే. నూరగానే గంజిలా సాగి, పరీక్షను ముందుకు పోనిచ్చేది కాదు. మూడు నెలలు భవిత ఏ మందు మార్చినా అంతే. ఒక మధ్యాహ్నం నూరిన కల్వాలు కడుగుతూ స్టెల్లా ఒకటి గమనించింది. లేత కొనలు నూరిన కల్వం ఒక్క నీళ్ళకే శుభ్రమవుతోంది. ముదురు కాడలది నాలుగుసార్లు తోమినా వదలడం లేదు.

"ఒట్టి కొనలే తీసుకుంటే ఎట్లుంటాది భవితమ్మా?"

మరునాడు కొనలే నూరారు. పరీక్ష సాగింది. జన్యువుల్లో ఇరవైనాలుగు చోట్ల ప్రయత్నిస్తే తొమ్మిది గుర్తులు పనికొచ్చాయి. భవితకు అవే చాలనిపించింది.

స్టెల్లా మాత్రం కంప్యూటరు తెర మీద ఒక్కో మొక్క గుర్తుల్ని చూపే గీతల దగ్గరే ఆగిపోయింది. ఒకే రాతి మీంచి తెచ్చిన పన్నెండు మొక్కల్లో రెండింటి గీతలు మిగతావాటితో కలవలేదు. తానే నంబర్లు తారుమారు చేశానేమోనని బెదిరి, కవర్లన్నీ సరిచూసి, మళ్ళీ పరీక్ష చేయించింది. గీతలు మారలేదు.

"ఒకే రాయిని పట్టుకోనుండాయి కదమ్మా. ఈ రెండూ ఎందుకిట్లా వేరేగా ఉండాయి?"

"తెలీదక్కా. ఆడికి పోయి సూడాల్సిందే."

ఆ తడవ రామేశ్వరానికి స్టెల్లా కూడా వెళ్ళింది. సముద్రం చూడ్డం ఆమెకదే మొదలు. నీళ్ళు వెనక్కి తగ్గిన వేళ మోకాలిలోతులో ఆ రాతి చుట్టూ తిరుగుతూ, ఏ మొక్క ఏ వైపుదో ప్రతి కవరు మీదా రాసుకుంది. తిరుపతికొచ్చి పరీక్షిస్తే, గీతలు వేరేగా ఉన్నవన్నీ అల కొట్టే వైపువే.

కారణం తెలియలేదనే భవిత తన వ్యాసంలో రాసింది. ఆ వాక్యం రెండుసార్లు చదివించుకుని, ఈసారి పక్క రాళ్ళవి కూడా తేవాలంది స్టెల్లా.