సీఫ్‌లో చల్లటి కొరియా సేమ్యా

శుక్రవారం పదకొండుంపావుకు బహ్రెయిన్ మీనా సల్మాన్‌లోని మా కార్మికుల క్యాంపు నుంచి బయలుదేరాను. సీఫ్‌లోని కొరియా హోటల్లో చల్లటి సూపు, సేమ్యా తినిపిస్తానని ఎల్లయ్య మూడు రోజుల్లో నాలుగుసార్లు ఫోన్ చేశాడు. అతనిదీ మా జగిత్యాల వైపే. ఒకప్పుడు నాతో గోదాములో పనిచేసి, రెండేళ్ల కింద సీఫ్‌లో ఒక మాల్‌లో క్లీనింగుకు మారాడు. పండుగకు కూడా పలకరించని మనిషి ఇంత ప్రేమ చూపిస్తే నాకు అనుమానమే. ఏ అప్పు కాగితం మీదనో సంతకం పెట్టమంటాడేమోనని జేబులోని పెన్ను తీసి గదిలోనే పెట్టి వచ్చాను.

మనామా బస్టాండులో బస్సు మారాలి. ఒక్కో టికెట్టు మూడు వందల ఫిల్సులు. రెండో బస్సు కోసం ఇరవై నిమిషాలు ఉక్కలో నిలబడ్డాను. బస్సులో నా పక్కన కాకినాడ వైపు ఆవిడ కూర్చుంది. అమ్వాజ్‌లో ఇంటిపని చేస్తుందట. నేను ఎక్కడికి పోతున్నానో విని మొహం చిట్లించింది.

"అందులో ఏం మాంసం మరిగిస్తారో అడిగి మరీ తినండి బాబూ. మా మేడం ఓసారి తెప్పించింది. ఎద్దు మాంసం నీళ్లంట."

పన్నెండున్నర దాటాక దిగాను. ఎల్లయ్య ఇస్త్రీ చొక్కాతో హోటలు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. అదీ నాకు నచ్చలేదు.

మెనూలో నల్లటి సేమ్యా బొమ్మ ఉంది. ఐసు ముక్కలు, సగం గుడ్డు, పైన మాంసం ముక్క. నేను లేవబోయాను. వడ్డించే నేపాలీ అమ్మాయి నవ్వి, "వో గోష్త్‌వాలా హై భాయ్. ఆప్‌కా యే హై" అని మాంసం లేని మరో బొమ్మ చూపించింది. నేను నమ్మలేదని తెలిసి, లోపలికెళ్లి నానబెట్టిన సోయా గింజలు గుప్పెడు తెచ్చి చూపించింది. వాటిని ఉడికించి, రుబ్బి పాలు తీసి, చల్లార్చి, అందులో సన్నటి సేమ్యా వేస్తారట.

గిన్నె వచ్చింది. తెల్లటి పాలు, కీర దోస తురుము, ఐసు. మొదటి గుక్క చప్పగా ఉంది. ఉప్పు కలుపుకున్నాక మా ఇంటి జొన్న అంబలి అంత హాయిగా కడుపులోకి దిగింది. ఎల్లయ్య ఎర్రటి కారం సేమ్యా తెప్పించుకున్నాడు. పొడుగు సేమ్యా కోసుకోవడానికి అక్కడిచ్చే కత్తెరతో దాన్ని కత్తిరిస్తూనే ఉన్నాడు తప్ప నోట్లో పెట్టలేదు.

"ఏం కావాలె నీకు? సక్కగ చెప్పు" అన్నాను.

"ఏం వద్దన్నా. ఆ దినం గోదాముల నువ్వు పెట్టెల ఎనుక పండుకున్నవని ఫోర్‌మన్‌కు చెప్పింది నేనే. నువ్వు యాడున్నవని గట్టిగ అడిగిండు. భయమై నోట్లకెళ్లి వచ్చేసింది. రఫీక్ కాదన్నా."

నా చెంచా ఆగిపోయింది. ఆ రోజుతో నా ఫోర్క్‌లిఫ్ట్ బండి నడిపే పని పోయింది, బస్తాలు మోసే పనిలో పడ్డాను. అప్పుడు నా దగ్గర్లో కనిపించింది నా గదిలోనే ఉండే పెషావరు రఫీక్ ఒక్కడే. చెప్పింది అతనేనని తీర్మానించుకున్నాను.

"రెండేండ్లు ఎందుకు చెప్పలె?"

"మొన్న వేరే పని మీద క్యాంపుకొచ్చిన. మీరిద్దరు ఒక్క గదిల ఒకరికొకరు ఈపు పెట్టి తింటున్నరు. చూడలేకపోయిన. ఆడ చెప్తె అందరింటరు."

ఎల్లయ్యను తిట్టబోయాను. పోయిన చలికాలం రఫీక్ జ్వరంతో మూలుగుతుంటే మంచినీళ్లు కూడా ఇవ్వకుండా గోడవైపు తిరిగి పడుకున్నది గుర్తొచ్చింది. ఐసు కరిగి పాలు పలచబడ్డాయి. అలాగే తాగేశాను.

"నువ్వు తిను, సల్లారేదేం లేదు" అన్నాను చివరికి. ఎల్లయ్య తల వంచుకుని తిన్నాడు.

రెండుమ్ముప్పావు బస్సెక్కాను. మీరెవరైనా వెళితే శుక్రవారం పన్నెండు లోపే చేరండి, తర్వాత కుర్చీ దొరకడం కష్టం. మాంసం సంగతి అడగండి; వాళ్లు ఏమీ అనుకోరు. బహ్రెయిన్ ఎండలో అంతకన్నా చల్లటి భోజనం నేను తినలేదు. అయినా బస్సులో ఒళ్లంతా చెమటే.

మనామా రాకముందే ఫోన్ తీశాను. రఫీక్ నంబరు అందులో అలాగే ఉంది.

"రఫీక్ భాయ్, వచ్చే శుక్రవారం నీకు డ్యూటీ ఉందా?" అని హిందీలో అడిగాను.

అవతల ఫ్యాను కట్టేసిన చప్పుడు వినిపించింది.

"ఎందుకు?" అన్నాడు. "ఏం కావాలి నీకు?"