కాలు లేనాయన అదృష్టం

మా వదినకి కుళ్ళెక్కువ. ఆడపడుచుని కాబట్టి ఆడిపోసుకుంటున్నానని మీరనుకోవచ్చు. ఆవిడ మొహం మీదే అంటాను, ఆవిడా కాదనదు. ఎదురింటివాళ్ళ వంటింట్లోకి పొద్దున్నే ఎండ వస్తుందని కుళ్ళు. తన చెల్లెలికి ఇంకా కళ్ళజోడు రాలేదని కుళ్ళు. ఒకసారి నేను తలనొప్పితో పడుకుంటే గుమ్మంలో నిలబడి, "నీకేమ్మా, తలనొప్పి. మాత్ర వేసుకుంటే పోతుంది. నాది నడుంనొప్పి," అంది. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. మా వదినకి పొరుగింటి జబ్బు కూడా రుచే.

అలాంటి మనిషి చివరికి ఒంటికాలి మనిషిని చూసి కళ్ళల్లో నిప్పులు పోసుకుంది. అది చెప్పాలంటే ముందు మా కొట్టు సంగతి చెప్పాలి.

మాది బట్టలు సరిచేసే కొట్టు. కొత్తవి కుట్టం. పొడుగైన ప్యాంట్లు మడిచి కుడతాం, బిగుతైన చొక్కాలు వదులు చేస్తాం, చిరిగిన జేబులు మారుస్తాం. వదిన మిషను మీద కూర్చుంటుంది, జిప్పుల పని నాది, గుండీల పని మా అన్నయ్యది. ఒక పాత షాపింగ్ కాంప్లెక్సులో రెండో అంతస్తు, లిఫ్టుకి ఎదురుగానే మా తలుపు.

అన్నయ్య కుట్టుపని వాడు కాదు. మీసాలు రాని వయసు నుంచీ బేకరీలో పిండి కలిపాడు. బస్తాలకి బస్తాలు గుమ్మరించి పిసికేవాడు. ఆ పిండి గాల్లో లేచి ఆయన ఊపిరితిత్తుల్లోకి పోయి కూర్చుంది. ఇప్పుడు నాలుగడుగులు వేస్తే ఆగాలి. గోడో స్తంభమో పట్టుకుని, నోరు తెరిచి, గాలి కోసం వెతుక్కోవాలి. కానీ చూస్తే ఏమనిపిస్తుంది? తలుపుకి సరిపోయే భుజాలు, ఎర్రటి బుగ్గలు, గుబురు మీసం. మందులు పడ్డాక ఒళ్ళు ఇంకాస్త నిండింది. కుస్తీకి పిలిచినా పిలుస్తారు ఎవరైనా.

డాక్టరు రాసిచ్చాక ఆయనకి వికలాంగుల పార్కింగు కార్డు వచ్చింది. కారు అద్దం లోపల పెట్టుకునే నీలం కార్డు, మీద చక్రాల కుర్చీ బొమ్మ. బస్సెక్కి దిగడం ఆయన వల్ల కాదని, జుట్టు నెరిశాక వదిన డ్రైవింగు నేర్చుకుంది. ఇప్పటికీ రివర్సు చేసేటప్పుడు సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు నాలుక కొస బయటపెడుతుంది. ఆ సమయంలో మేమిద్దరం మాట్లాడకూడదు.

కాంప్లెక్సు కింద, లిఫ్టు పక్కనే, ఆ కుర్చీ బొమ్మ వేసిన చోట్లు రెండున్నాయి. అక్కడ కారు ఆగితే అన్నయ్య ఒక్క ఆయాసంతో లిఫ్టు చేరతాడు. ఆ చివర ఆగితే చేరలేడు. లిఫ్టు ముందు దింపుదామంటే అక్కడ ఇనప గొట్టాలు పాతి పెట్టారు. అందుకని ఆ రెండు చోట్లలో ఒకటి దొరికితేనే మా అన్నయ్యకి ఆ రోజు కొట్టు.

పైన ట్యూషన్ సెంటరు నడిపే ఆయన ఒకడున్నాడు. ఆయనకి మేం పెట్టుకున్న పేరు ఒక్కనిమిషం. ఓడంత కారు తెచ్చి సరిగ్గా బొమ్మ మీద ఆపుతాడు. ఎవరైనా చూస్తే చూపుడువేలెత్తి, "ఒక్క నిమిషం!" అంటాడు. ఆ నిమిషం మధ్యాహ్నం భోజనాల దాకా సాగుతుంది. వదిన సెక్యూరిటీ అతన్ని నిలదీస్తే, "పెద్దవాళ్ళు కదమ్మా, ఏమంటాం," అని టోపీ సర్దుకున్నాడు. పిల్లల్ని దింపడానికి వచ్చే తల్లిదండ్రులు ఆ కారు పక్క నుంచే వెళుతూ ఆయనకి గుడ్ మార్నింగులు చెబుతారు. ఆయన ఆపిన చోటు ఏమిటో ఒక్కరి కంటికీ ఆనదు.

మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి. ఒకరోజు వదిన రెండో చోట్లో కారు ఆపి, అటు తిరిగి వెళ్ళి అన్నయ్య తలుపు తీసింది. ఆయన దిగి, కాస్త గాలి ఆడుతుందని భుజాలు వెనక్కి విరిచి నిలబడ్డాడు. సంచీతో వెళుతున్న ఒక పెద్దావిడ ఆగిపోయింది.

"ఏం నాయనా, దున్నపోతులా ఉన్నావు. కుంటివాళ్ళ చోటు నీకు కావాల్సొచ్చిందా? పైగా ఆడమనిషి చేత కారు నడిపించుకుని, తలుపు కూడా తీయించుకుంటావా?"

ఇంకొకతను ఫోను తీసి మా కారు నంబరు ఫోటో తీసుకున్నాడు. "ఇలాంటివాళ్ళ వల్లే అసలైనవాళ్ళకి చోటు దొరకదండీ," అన్నాడు ఆవిడతో. జవాబు చెప్పాలంటే ఊపిరి ఉండాలి. అన్నయ్య నోరు తెరిచి మూశాడు. వదిన కార్డు తీసి చూపిస్తే, "ఆఁ, ఇలాంటివి ఎన్ని దొరకవు," అందావిడ. పక్క చోట్లో ఒక్కనిమిషం కారు నిగనిగలాడుతూ ఉంది. దానికి కార్డూ లేదు, గీర్డూ లేదు. దాన్ని ఎవరూ ఫోటో తీయలేదు.

మర్నాడు అన్నయ్య, "ఇవాళ నేను రానే," అన్నాడు. ఆ మర్నాడూ అదే మాట. తరవాత అడగడం కూడా మానేశాం. సాయంత్రం మేం ఇంటికొచ్చేసరికి పొద్దున కూర్చున్న కుర్చీలోనే ఉండేవాడు, పక్కన పెట్టిన మంచినీళ్ళు పెట్టినట్టే ఉండేవి. కూర్చుండిపోతే ఉన్న ఊపిరి కూడా కూర్చుండిపోతుందని డాక్టరు ముందే హెచ్చరించాడు. కొట్టుకి వచ్చినన్నాళ్ళూ ఆ కాస్తా నడిచేవాడు, గుండీ ఊడిన ప్రతివాడితోనూ పరాచికాలాడేవాడు.

"గుండీలు నేనైనా కుట్టుకుంటానే," అంది వదిన నాతో. "ఆయన ఇలా గోడకేసి చూస్తూ కూర్చుంటే ఎన్నాళ్ళుంటాడు?" ఆవిడ అంత మెల్లగా మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి. ఆయన్ని మళ్ళీ కొట్టుకి తీసుకురావాలి, ఆవిడకి అదొక్కటే పట్టుకుంది.

సరిగ్గా అప్పుడే ఆవిడ కళ్ళు టైల్స్ ఆయన మీద పడ్డాయి. మా కింది అంతస్తులో టైల్స్ కొట్టు ఆయనది. ఎడమకాలు మోకాలి పైనుంచి లేదు, చంకకర్రల మీద నడుస్తాడు. చేత్తోనే నడిపే ఏర్పాటున్న కారులో వస్తాడు. ఆయన కారు కనపడగానే సెక్యూరిటీ అతను పరిగెత్తుకెళ్ళి తలుపు పట్టుకుంటాడు. లిఫ్టులో ఉన్నవాళ్ళు గోడకి అతుక్కుపోయి చోటిస్తారు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు కూడా ఆయన సంచీ మోస్తారు. కొట్టు కుర్రాడి చేత ఆయన పంపే ప్యాంట్లకి ఎడమకాలు మడిచి కుట్టేది మా వదినే. కుడుతున్నంతసేపూ పళ్ళు నూరేది.

"ఈయనకేం, మహారాజు. కాలు లేదు," అంది ఒకరోజు.

నేను కత్తెర కింద పెట్టాను. "వదినా, నోటికేం వస్తోందో తెలుస్తోందా నీకు?"

"తెలిసే అంటున్నాను. ఇదిగో, ఈ కాలు మడిచి రెండు కుట్లు వేస్తే చాలు, లోకమంతా ఈయనకి దారిస్తుంది. మీ అన్నయ్య ఊపిరితిత్తులు ఎక్కడ మడిచి కుట్టను?"

నాకు ఒళ్ళు మండింది. కత్తెర తీసుకుని మళ్ళీ జిప్పు పనిలో పడ్డాను.

ఆ వారమే ఆవిడ ఎక్కడినుంచో ఒక చెక్క చంకకర్ర తెచ్చింది. అన్నయ్య దాన్ని చూసి, "నా కాళ్ళు బాగానే ఉన్నాయి కదే," అన్నాడు.

"ఉన్నాయని ఎవరికీ చెప్పకండి," అంది వదిన.

ఆయన్ని గోడకి నిలబెట్టి, మెడలో ఉన్న టేపు తీసి, ప్యాంటుకి కొలిచినట్టే కొలిచింది. చంకలోంచి నేల దాకా, వెంట్రుకవాసి తేడా లేకుండా. కొలత రాసుకుని వడ్రంగి చేత కర్ర కోయించింది. పైన దూది పెట్టి, మిగిలిపోయిన ముఖమల్ గుడ్డతో గలీబు కుట్టి తొడిగింది. అంత ముద్దుగా కుట్టిన వస్తువు మా కొట్లో ఇంకోటి లేదు. అన్నయ్య ఆ కర్ర తీసుకున్నది జనానికి జడిసి కాదు, ఆవిడ మొహం చూడలేక.

కర్ర పనిచేసింది. సెక్యూరిటీ అతను పరిగెత్తుకొచ్చాడు. ఎవరో లిఫ్టు తలుపు ఆపి పట్టుకున్నారు. ఒకావిడ తన పిల్లని పక్కకి లాగి, "అంకుల్‌కి దారివ్వు," అంది. వదిన ఆ రోజంతా పెళ్ళికూతురి తల్లిలా తిరిగింది. అన్నయ్య మాత్రం కౌంటరు దగ్గరకొచ్చేసరికి చెమటతో తడిసిపోయాడు. కర్ర చంకలోకి పొడుచుకుని భుజం పైకి లేచిపోయేది, భుజం లేస్తే ఛాతీ బిగుసుకునేది. "ఇదివరకు ఒక్క ఆయాసంతో వచ్చేవాణ్ణి, ఇప్పుడు రెండు పడుతున్నాయే," అన్నాడు. "అలవాటవుతుందిలెండి," అంది వదిన. సరిచేసిన ప్యాంటు ఇంకా బిగుతుగా ఉందన్నవాళ్ళకి చెప్పే మాటే అది.

కొన్నాళ్ళకి ఒకరోజు, పక్క చోట్లో ఒక్కనిమిషం కారుండటంతో, టైల్స్ ఆయన కారు మా కారు వెనకే వచ్చి ఆగింది. ఆయన దిగి, అన్నయ్య నడక చూస్తూ అలాగే నిలబడిపోయాడు.

"ఆగండి," అన్నాడు. "ఆ కర్ర ఎవరు కొలిచారు?"

"నేనే," అంది వదిన, కాస్త గర్వంగానే.

"చంకకీ కర్రకీ మధ్య రెండు వేళ్ళ సందు ఉండాలమ్మా. ఇలా చంకలోకి దిగిపోతే నిజంగా కాలు బాగాలేనివాడు రెండు రోజులు నడవలేడు, చెయ్యి చచ్చుబడిపోతుంది." ఆయన గొంతు పెరిగింది. "ఈయన బరువు అసలు కర్ర మీద లేనే లేదు. రెండు కాళ్ళూ బాగానే ఆనుతున్నాయి. ఈ చోటు కోసం ఇంత వేషమా? సెక్యూరిటీ! ఇలా రా."

జనం పోగయ్యారు. వదిన కార్డు ఊపుతూ, "కాలు లేకపోతేనేనా బాధ? మీకొక్కరికే రాసిచ్చారా ఈ చోటు?" అని అరిచింది. ఆయనా అరిచాడు. మధ్యలో అన్నయ్య ఇద్దరికీ ఏదో చెప్పబోయాడు. మాట రాలేదు. కర్ర జారిపోయింది. కారుని ఆనుకుని మెల్లగా నేల మీదికి జారాడు. పెదవులు నీలంగా మారాయి, ఛాతీలోంచి ఈల లాంటి శబ్దం వస్తోంది. అప్పుడు అర్థమైంది అందరికీ.

"అయ్యో పాపం," అన్నారు. ఎవరో కుర్చీ తెచ్చారు. ఎవరో నీళ్ళు తెచ్చారు. ఒక్కనిమిషం కూడా కిందికొచ్చి, గాలి ఆడాలని ఎవరూ అడక్కుండానే తన కారు తీసేశాడు. ఇన్నాళ్ళూ వదిన ఏం కావాలని కుమిలిపోయిందో అదంతా ఒక్కసారే వచ్చిపడింది. కానీ ఆవిడ చేతులు రెండూ చాపి అన్నయ్యకి అడ్డంగా నిలబడి, "చూడకండి! ఏముంది ఇక్కడ? పొండి!" అని గొంతు చిరిగేలా అరిచింది. పక్కనే ఉన్న నన్ను కూడా తోసేసింది.

కుదుటపడ్డాక పైకి తీసుకొచ్చాం. కాసేపటికి టైల్స్ ఆయన కొట్టుకొచ్చి, "తప్పయిపోయిందండీ," అన్నాడు.

"తప్పు మాదేలెండి. వేషం వేసింది నిజమే కదా," అన్నాడు అన్నయ్య.

ఆయన వెళ్ళలేదు. కౌంటరుకి ఆనుకుని, "ఒక మాట చెబుతాను, నవ్వకండి," అన్నాడు. "కాలు పోయిన దగ్గర్నుంచీ నన్ను ఎవరూ తిట్టలేదు. మొన్న ఒకాయన కారుకి గీత పెట్టాను. కొట్టడానికే దిగాడు. నన్ను చూసి, పర్లేదండీ అని తనే సారీ చెప్పి వెళ్ళిపోయాడు. ఆ మధ్య ఎవరో పెద్దావిడ కింద ఎవరినో దున్నపోతూ అని తిడుతుంటే మా కొట్లోకి వినిపించింది. మిమ్మల్నేనని ఇప్పుడు తెలుస్తోంది. ఎంత కుళ్ళొచ్చిందనుకున్నారు!"

అన్నయ్య నవ్వాడు. దగ్గొచ్చేదాకా నవ్వాడు. వదిన మాత్రం నవ్వలేదు. కుళ్ళుకోవడంలో ఇంకొకరు తనని మించిపోవడం ఆవిడకి నచ్చలేదు.

మర్నాడు పొద్దున అన్నయ్య తనంతట తనే బూట్లేసుకున్నాడు. "కర్ర వద్దు. తిడితే తిడతారు," అన్నాడు. ఆ కర్ర ఇప్పుడు పై కడ్డీకి వేలాడే చొక్కాలు దింపుకోవడానికి వాడుతున్నాం. టైల్స్ ఆయన రోజూ టీ వేళకి పైకొస్తాడు, వాళ్ళిద్దరూ గంటల తరబడి కబుర్లు. "నాతో ఇన్ని మాటలు ఎప్పుడైనా మాట్లాడారా?" అని వదినకి అదో కుళ్ళు. ఒక్కనిమిషం కొన్నాళ్ళు సిగ్గుపడి దూరంగా ఆపాడు. తరవాత మళ్ళీ వేలెత్తడం మొదలుపెట్టాడు. టైల్స్ ఆయన పోట్లాడినప్పుడల్లా తీస్తాడు, ఆయన లోపలికి వెళ్ళగానే పెడతాడు.

క్రితం నెల అన్నయ్య ఊపిరితిత్తుల పరీక్షలప్పుడు డాక్టరు మా మొహాలు చూడకుండా కంప్యూటరు వైపే చూస్తూ మాట్లాడాడు. ఇంటికి వచ్చేటప్పుడు వదిన కారు మరీ నెమ్మదిగా నడిపింది.

నిన్న కారు దిగుతుంటే ఆఫీసు బ్యాగు తగిలించుకున్న ఒకమ్మాయి ఆగి అన్నయ్యని ఎగాదిగా చూసింది. "సిగ్గుండాలండీ. గుండ్రాయిలా ఉన్నారు. ఇది మీలాంటివాళ్ళ కోసం కాదు," అంది.

వదిన చెయ్యి కార్డు మీదికి పోయింది. అన్నయ్య ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు. కాస్త గాలి కూడదీసుకుని, "నిజమేనమ్మా," అన్నాడు. ఆ అమ్మాయి విసురుగా వెళ్ళిపోయింది.

"ఎందుకాపారు నన్ను? ఆ కార్డు మొహాన కొట్టేదాన్ని కదా!" అంది వదిన.

"పోనీవే. బాగున్నాననుకునే కదా తిట్టింది. ఆ మాట నన్ను ఇంకెవరంటున్నారు?"

ఆయన కారు మీద చెయ్యి వేసి, మిగతా దూరానికి సరిపడా ఊపిరి కోసం ఆగాడు. వదిన ఆయన వైపు చూడటం లేదు. ఆ వెళ్ళిపోతున్న అమ్మాయి వైపే చూస్తోంది. ఆ చూపు నాకు కొత్త కాదు.

"దానికేమే," అంది నాతో. "దాని కళ్ళకి మీ అన్నయ్యకి ఏ జబ్బూ లేదు."