మా ప్రెసిడెంటుగారి రివర్సు గేరు

ముందే చెప్పేస్తున్నాను, ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. చీమను చూస్తే ఏనుగుకి మేనత్త కొడుకంటాను. ఆ తరుగేదో మీరే తీసేసుకుని చదువుకోండి.

మా ఊరి మాజీ ప్రెసిడెంటుగారంటే సగం ఊరికి భక్తి, సగం ఊరికి మంట. చేపల చెరువులు తవ్వుకుంటామని అడిగినవాళ్లందరికీ సరేనన్నది ఆయనే. ఆ చెరువుల గట్లు ఏటేటా జరుగుతూ వచ్చి, ఆకివీడు వెళ్లే మా రోడ్డును నా పంచె అంచంత చేశాయి. అలాంటాయన తన నాయకత్వ పాఠాలను పుస్తకంగా రాసిపెట్టమని నన్ను కారెక్కించుకున్నారు.

"మొదటి పాఠం రాసుకోండి. నాయకుడన్నవాడు వెనక్కి తగ్గకూడదండి," అన్నారు స్టీరింగు తిప్పుతూ.

అప్పుడే ఎదురుగా చేపల లారీ వచ్చి ఆగింది. రెండు పక్కలా చెరువులే. నా వైపు తలుపు తీస్తే కాలు పడేది నీళ్లలోనే. ఉక్కపోత భరించలేక అద్దం దించితే కొల్లేరు దోమలన్నీ కుటుంబాలతో సహా లోపలికి వచ్చేశాయి.

లారీ డ్రైవరు తల బయటపెట్టాడు. "ఏవండీ, కాస్త వెనక్కి తీయండి. ఐసు కరిగిపోతోందండి. సరుకు పాడైతే ఓనరుగారు నన్ను పనిలోంచి తీసేస్తారు."

నిజమే, లారీ కింద నుంచి నీళ్లు కారుతున్నాయి. గోదావరి పుట్టేది అక్కడేనేమో అనిపించింది.

"నువ్వే తియ్యవయ్యా. నేనెవరో తెలుసా?" అన్నారు ప్రెసిడెంటుగారు.

"తెలీదండి. లోడుతో వెనక్కెళితే గట్టు జారిపోద్దండి. రోడ్డుని ఇంతకి తెచ్చిన మహానుభావుడెవరో గానీ..."

ప్రెసిడెంటుగారు ఇంజను ఆపేశారు. నేను సీట్లో ఇంకాస్త కిందికి జారాను.

"మీకేం తొందర లేదు కదండీ?" అని నన్నడిగారు.

"అబ్బే, లేదండీ."

చెరువులో వేసిన చేపపిల్ల పెరిగి పట్టుబడికి వచ్చేంత సేపు గడిచింది. చివరికి ఆయన ఆ నీళ్ల వంక చూసి, "ఈ రోడ్డు పాడుచేసింది నేనేనండి," అన్నారు. రివర్సు గేరు వేసి, రోడ్డు కాస్త వెడల్పుగా ఉండే వంతెన దాకా కారును వెనక్కి నడిపారు. లారీ దాటిపోతుంటే డ్రైవరు దణ్ణం పెట్టాడు.

దోమలకీ గోదావరికీ తరుగు తీసేస్తే మిగతాదంతా నిజమే. నేను కల్పించింది ఆయన తప్పొప్పుకుని కారు వెనక్కి తీసిన ఆ చివరి ముక్క ఒక్కటే. నిజానికి వెనక్కి వెళ్లింది లారీ. లోడుతో, మెల్లగా, ఒక చక్రం గట్టు అంచు మట్టిని చెరువులోకి రాలుస్తుంటే వెళ్లింది. మేం దాటేటప్పుడు డ్రైవరు మా వంక చూడనైనా లేదు.

"చూశారా? రాసుకోండి," అన్నారు ప్రెసిడెంటుగారు.

తలుపు తీస్తే నీళ్లు. రాసుకున్నాను.