అమ్మన్నమ్మ డార్జిలింగ్ ప్రయాణం

పోలిరాజు ఓడల మరమ్మతులో వెల్డరు. గార్డెన్ రీచ్ ఓడల కార్ఖానాలో చేరాడన్న మాటే గాని, కాంట్రాక్టరు అతన్ని పారాదీప్‌కీ కాండ్లాకీ తూత్తుకుడికీ తిప్పుతూనే ఉన్నాడు. ఏడాదికి ఒకటి రెండు నెలలు ఇంట్లో ఉంటే గొప్ప. ఆ ఇల్లు ఆ నగరంలోనే ఏక్‌బాల్‌పూర్‌లో ఒక గది. ఆ గదిలోనే అతని భార్య అమ్మన్నమ్మ కూతుర్ని పెంచి పెళ్ళి చేసింది, మంచం పట్టిన అత్తకి చివరిదాకా సేవ చేసింది.

వచ్చినప్పుడల్లా అతను చెప్పేవాడు. "పని మానేసినాక ఇద్దరం తిరుగుదుమే. దేశమంతా సూపిత్తాను."

ఎక్కడికెళ్ళాలో ఆమె ఎప్పుడో తేల్చుకుంది. మేడ మీది బెంగాలీ బౌదీ, అంటే వదినగారు, ఏటా డార్జిలింగ్ వెళ్ళొచ్చి, అక్కడ మబ్బులు కిటికీలోంచి గదిలోకి వస్తాయని చెప్పేది. సముద్రం ఒడ్డున పుట్టిన అమ్మన్నమ్మకి అది చూడాలని ఉండేది. ఆ ఆశతోనే అన్నేళ్ళు నెట్టుకొచ్చింది.

1996లో పోలిరాజు పని మానేసి వచ్చి, పెట్టె అటకెక్కించాడు. టీ ఆలస్యమైందనీ, గిన్నెలు అక్కడెందుకున్నాయనీ, మెట్ల మీద ఆడవాళ్ళతో కబుర్లేమిటనీ మొదలెట్టాడు. ఆమె ఓర్చుకుని డార్జిలింగ్ మాట ఎత్తింది.

"నాను రైలెక్కను," అన్నాడతను. "ఒళ్ళు హూనమైపోనాది."

"తిప్పుతానన్నావు కదా మావా?"

"అప్పుడు ఓపికుండీది. సలి తప్ప ఏటుందక్కడ? ఇంటి పట్టున కూకో."

అమ్మన్నమ్మకి ఒళ్ళు మండిపోయింది.

"తిరిగి తిరిగి నువ్వలిసిపోనావు. ఈ నాలుగు గోడల మధ్యన కూకుని నానలిసిపోనాను. నీదేనా అలుపు?"

అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు. మర్నాడే ఆమె పక్కింటి దాలమ్మ దగ్గరికెళ్ళింది. దాలమ్మ విధవరాలు, సాల్ట్ లేక్‌లో ఒక ఇంట్లో ఆయాగా చేస్తోంది. ఇద్దరూ టిక్కెట్లు కొనుక్కొచ్చారు.

పోలిరాజు గొంతు పెంచాడు. "మొగుడు లేకుండా ఎల్తావా? నలుగురూ ఏటనుకుంటారు?"

"ఇన్నేళ్ళూ మొగుడు లేకుండానే ఉన్నాను. అప్పుడేటీ అనుకోలేదు నలుగురు."

మొహం ముడుచుకునే సియాల్దా స్టేషను దాకా వచ్చాడు. సంచీ మోశాడు. సీటు కింద సంచీ జాగ్రత్తనీ, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టొద్దనీ చెబుతూనే ఉన్నాడు. ఆమె దాలమ్మ పక్కన కిటికీ దగ్గర సర్దుకు కూర్చుంది.

డార్జిలింగ్‌లో మొదట అంతా ముసురే. మబ్బు నిజంగానే కిటికీలోంచి గదిలోకొచ్చింది. దుప్పటి చెమ్మగిల్లింది. ఒక పొద్దున ముసురు విడిపోయి, ఎదురుగా మంచుకొండ తెల్లగా నిలబడింది. దాలమ్మ దణ్ణం పెట్టింది. అమ్మన్నమ్మకి మాత్రం కోపంతో కన్నీళ్ళొచ్చాయి. ఇంతేనా దూరం? రైల్లో ఒక్క రాత్రి, ఆపైన జీపులో ఒక పూట. దీనికోసమా తన వయసంతా అతని నోటివైపు చూస్తూ కూర్చుంది?

తిరిగొచ్చేసరికి పోలిరాజు వంట చేసి ఉంచాడు.

"ఎలాగుంది?" అన్నాడు.

"బాగుంది. వచ్చే ఏడు కాశీకెల్తాం దాలమ్మా నానూ. నువ్వొత్తే రా. రాకపోతే నాకేటీ లేదు."

"ముందు తిను," అన్నాడు.

ఆమె తింది. అన్నం ముద్దయిపోయింది. ఆ మాటా మొహం మీదే చెప్పింది.