గోడ మీది మీసం

ఈ తాత మీసం చూసి శత్రువుల ఫిరంగులే మూతి వెనక్కి తిప్పుకున్నాయని ఊరంతా ఒట్టేసి చెబుతుంది. నమ్మకపోతే మాజీ సైనికుల బొమ్మలు గీసిన గోడ మీద వరుసలో ఆరో బొమ్మ చూడండి: కోట తలుపంత ఛాతీ, ఎద్దు కొమ్ములంత మీసం. అసలు మనిషి మూతి మాత్రం కడిగిన పళ్లెంలా నున్నన. రోజూ పొద్దున్నే తడిగుడ్డతో బొమ్మలన్నిటి మొహాలూ తుడిచి, చూడవచ్చిన కొత్తవాళ్లెవరైనా గుర్తుపడతారేమోనని తన బొమ్మ కిందే నిటారుగా నిలబడతాడు. నిన్న ఫొటో దిగడానికి వచ్చిన ఓ అమ్మాయి, "తాతగారూ, కాస్త పక్కకి జరగండి, ఆ వీరుడు కనబడాలి" అంది. జరిగాడు పాపం. ఫొటో అయ్యాక ఆ పిల్ల బొమ్మకేసి నోరు వెళ్లబెట్టి, "ఈయన ఎంతమందిని చంపాడో!" అంది. తాత గుడ్డ పిండుతూ అన్నాడు: "ఎవర్నీ చంపలేదమ్మా. అది నేనే. సైన్యంలో వంట చేసేవాణ్ణి. మీసం పెయింటరు పెట్టాడు."