మంచం మీద నేర్చిన ఈత

ఈ కరువు నేలపై నీటి ఆట ఎవరి కోసమన్న ప్రశ్న మా కళాశాల వాదనల్లో ఎన్నడూ తేలలేదు. చూసి తేల్చుకుందామని వాటర్ స్కీయింగ్ పరిచయ శిబిరానికి పేరిచ్చాను. ఆదివారం ఉదయం ఆరింటికి అనంతపురంలో వజ్రకరూరు మీదుగా పోయే బస్సెక్కాను. దారి పొడవునా వాడిన వేరుశనగ చేలు.

వజ్రకరూరులో ఖాసీం అనే పెద్దాయన, ఆయన కొడుకు వలి ఎక్కి నా పక్కన కూర్చున్నారు. వాళ్లూ శిబిరం జరిగే జలాశయానికేనట. ఖాసీం ఒడిలో ఎండు బెండ్ల కట్ట ఉంది. ఈత నేర్చేవారి వీపుకు కట్టేది.

"మావానికి ఆడ పడవ మింద పని ఇస్తారంట. ఈతొస్తే సాలంట."

"వచ్చా?" అని వలిని అడిగాను.

"నాయన నేర్పినాడన్నా. మంచం మింద."

నవ్వబోయి ఆగాను. ఊరి పిల్లలకు బావిలో ఈత నేర్పినవాడు ఖాసీం. వలి పుట్టేనాటికి ఆ బావి ఎండింది. అందుకని కొడుకును నులకమంచం మీద బోర్లా పడుకోబెట్టి, ఈ బెండ్లే కట్టి, కాళ్లూ చేతులూ ఆడించడం నేర్పాడట.

"అన్నీ వచ్చు వానికి. నీళ్లొకటే తక్కువ," అన్నాడు ఖాసీం.

బస్సు దిగి, ఆటోలో ముగ్గురమూ జలాశయం చేరేసరికి తొమ్మిది దాటింది. ఎక్కడో కురిసిన వాన కాలువ వెంట వచ్చి అక్కడ నిలిచింది. శిక్షకుడు సామగ్రి చూపించాడు: రెండు స్కీలు, పాదాలను బిగించే రబ్బరు తొడుగులు, పిడి ఉన్న పొడవాటి తాడు, లైఫ్ జాకెట్. నీళ్లలో మోకాళ్లు ముడిచి, చేతులు చాచి ఉండాలి. పడవే మనల్ని లేపాలి. తాడును మనం లాక్కోకూడదు. పడితే పిడి వదిలేయాలి.

"నాకు ఈత రాదు," అన్నాను.

"జాకెట్ ఉందిగా, పర్వాలేదు."

క్షణకాలం నిలబడి పడ్డాను. జాకెట్టే తేల్చింది.

తరువాత వలి పరీక్ష. శిక్షకుడు జాకెట్ ఇవ్వలేదు.

"ఆయప్పకు ఇచ్చినారే, మావానికెందుకు ల్యాదు?" అన్నాడు ఖాసీం.

"ఆయన పడేవాడు. మీవాడు పడ్డవాళ్లను దూకి తెచ్చేవాడు."

ఆ నియమంలో తప్పు వెతికాను, దొరకలేదు. నేర్పి చేర్చుకోకూడదా అని అడిగాను. మనిషి ఇవాళే కావాలన్నాడు.

వలి దిగాడు. మోకాళ్లు దాటిన నీటిలోకి దిగడం అతనికదే మొదలు. ఛాతీదాకా రాగానే బిగుసుకుపోయాడు.

"చేతులాడించురా! మంచమనుకో!" ఒడ్డు నుంచి ఖాసీం అరిచాడు.

చేతులు ఆడాయి. కాళ్లు నేలను వదల్లేదు. మరో అడుగు వేసి మునిగాడు. ఖాసీం చొక్కాతోనే దూకి, నాలుగు బారల్లో చేరి, కొడుకు గడ్డం పట్టి ఒడ్డుకు తెచ్చాడు.

"వయసుంటే నిన్నే పెట్టుకునేవాణ్ణి పెద్దాయనా," అన్నాడు శిక్షకుడు.

ఆటోలో రోడ్డు మీదికి రాగానే తిరుగుబస్సు దొరికింది. వెళ్లదలచినవారికి ఒక మాట: డబ్బు కట్టి పడేవారిని అక్కడ ఈత అడగరు, పని అడిగేవారినే అడుగుతారు. వలి ఒడిలో బెండ్లు. ఖాసీం బట్టలు సీటు కింద నీరు కారుస్తున్నాయి.

"ఏమప్పా, యాడన్నా వాన పడినాదా?" కండక్టర్ నవ్వాడు.

"ల్యాదప్పా," అన్నాడు ఖాసీం. "పడింటే మావానికి ఈతొచ్చేది."