అలసంద గింజల జగ్గు

మా చిన్నమ్మాయికి ఐదేళ్లొచ్చినా మాట రాలేదు. తొంభైల చివర, కాటన్‌పేట సందులో మొదట వేసిన కాన్వెంటులో, కదలకుండా ఉండాలని దాన్ని చున్నీతో కుర్చీకి కట్టారు. విప్పబోయిన ఆయమ్మ చేతిని రక్తం వచ్చేలా కొరికింది. ఆ రోజు ఇంటికి తెచ్చి నేనూ కొట్టాను, గరిటె కాడ విరిగేదాకా. తర్వాత వాతలకు నూనె రాస్తూ ఏడ్చిందీ నేనే.

అక్కడ మానిపించి మాంటిసోరి బడిలో వేశాం. అక్కడ బెంచీలు లేవు. ఒక్కో పిల్ల చిన్న చాప పరుచుకుని, నచ్చిన వస్తువుతో పని చేసుకోవాలి. మాది రోజంతా ఒక పింగాణీ జగ్గులోంచి ఇంకోదాంట్లోకి అలసంద గింజలు పోసేది. రెండు వారాలు ఎవరినీ కొట్టలేదు. మూడో వారం కబురొచ్చింది. సాయం చేద్దామని జగ్గు పట్టుకున్న పాప నుదుటి మీద అదే జగ్గుతో కొట్టిందట. మూడు కుట్లు పడ్డాయి.

నేను వెళ్లేసరికి ఆ పాప తల్లి బడి గుమ్మంలోనే ఆపింది. "ఇట్లా పిల్లలకు వేరే స్కూళ్లు ఉండాయి కదమ్మా. మా పాపకు కన్ను పోయింటే?"

సిగ్గుతో మా పిల్ల జుట్టు పట్టి చెంప మీద రెండు వేశాను. అది నేలకేసి తల బాదుకుంది. మూడో దెబ్బ మధ్యలోకొచ్చిన మిస్ భుజానికి తగిలింది.

"ఇక్కడ ఎవురూ కొట్టకూడదమ్మా, మీరు కూడా."

"కొట్టకపోతే ఎట్ల తెలుస్తాది మిస్?"

"ఇన్నాళ్లు కొట్టినారు కదా, ఏం తెలిసె?"

పెద్ద మేడమ్ ఒక్క వారం గడువిచ్చింది. మళ్లీ రక్తం కనబడితే బడి మానిపించాల్సిందే.

ఆ సాయంత్రం ఇంట్లో మగ్గం మీద మా మామ చీర నేస్తున్నాడు. తెగిన పోగు కనబడి, ముడి వేద్దామని చెయ్యి పెట్టాను. పోగును అటూ ఇటూ నడిపే కొయ్య నాడెతో నా వేళ్ల మీద కొట్టాడు.

"మగ్గం మీద కూర్చున్నోళ్ల పోగు ఇంకొకరు ముట్టకూడదని పదేండ్లయినా తెలీదా?"

వాచిన వేళ్లు చన్నీళ్లలో పెట్టుకున్నప్పుడు నాకు జగ్గు గుర్తొచ్చింది. మా పిల్ల చేతిలో చెంచా, దువ్వెన, చెప్పు, ఏది ఉన్నా తొందరపడి లాక్కునేది నేనే.

చేతిలోది ఎవరైనా పట్టుకుంటేనే అది కొడుతోందని మర్నాడు మిస్‌కు చెప్పాను. మిస్ దాని చాపను గోడ మూలకు జరిపింది. మా పిల్ల తనే జగ్గు ముందుకు తోస్తే తప్ప ఎవరూ ముట్టకూడదని పిల్లలకు చెప్పింది. ముప్పైమంది మధ్య దీన్నొక్కదాన్నే చూసే మనిషి లేదు కనుక పక్కన నన్ను కూర్చోమంది. ఆ మనిషి లేకపోతే ఇలాంటి పిల్లకు ఆ బడీ పనికిరాదని నాకు అర్థమైంది.

శుక్రవారం కుట్ల పాప వచ్చి చాప అంచున కూర్చుంది. మాది జగ్గు పైకెత్తింది. నేను చెయ్యెత్తాను. మిస్ నా మణికట్టు పట్టుకుంది. పాప చేతులు వెనక్కి పెట్టుకుంది. జగ్గు మెల్లగా కిందికి దిగింది, గింజలు పోయడం మొదలైంది.

గడువు దాటాక, సోమవారం మా పిల్ల మళ్లీ తన చాప తనే పరుచుకుంది.